నదికి ఏ రంగు వెయ్యాలి?

పిల్లలూ! మీ ముందు రంగుల పెట్టె పెట్టి, ఒక నది బొమ్మ వెయ్యమంటే మీరు ముందుగా ఏ రంగు తీస్తారు? నూటికి తొంభై మంది నీలం తీస్తారు. మిగిలిన పదిమందీ పక్కవాడు ఏం తీశాడో చూసి, వాళ్ళు కూడా నీలమే తీస్తారు!

కాని మీరెప్పుడైనా బాసర స్నానఘట్టం మెట్ల మీద నిలబడి గోదావరిని చూశారా? ఆషాఢ శ్రావణాలలో వరద వచ్చినప్పుడు నీళ్ళు ఎర్రమట్టి కలిపినట్టుంటాయి. చలికాలం వచ్చేసరికి ఆ మన్నంతా అడుక్కు దిగి, లోతైన చోట నీరు పచ్చపచ్చగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తళతళలాడే వెండిరేకు. సాయంకాలం కుంకుమ కలిపిన నీళ్ళు. ఇక తెల్లవారుజామున, గాలి కూడా ఇంకా నిద్ర లేవని వేళ చూస్తే నదికి అసలు రంగే ఉండదు. ఆకాశానిది ఏ రంగో నదిదీ అదే రంగు.

మరి వీటిలో నది రంగు ఏది?

ఈ ప్రశ్న మీకు చిన్నదిగా తోచవచ్చు. కాని దీనితో జీవితమంతా కుస్తీ పట్టిన పెద్దవాళ్ళున్నారు. సుమారు రెండువందల యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో కొందరు దీనికి ఒక జవాబు కనిపెట్టారు. ఆ శతాబ్దంలోనే మన ఆదిలాబాదు సీమలో, గోదావరికి కాస్త ఎగువగా గుట్టల నడుమ ఉన్న నిర్మల్ పట్టణంలో, ఇంకొక రకం చేతులు వేరే దారిన బయలుదేరి, పోను పోను వేరే జవాబు చెప్పాయి. ఒకరి పేరు ఇంకొకరు విన్నవారు కారు.

ముందు ఇంగ్లండు సంగతి చెబుతాను.

అక్కడ డీ అనే నది ఉన్నది. ఒకచోట దానికి ఒక ఒడ్డున వేల్సు దేశం, రెండో ఒడ్డున ఇంగ్లండు. రెంటినీ కలుపుతూ హోల్ట్ అనే ఊరి దగ్గర పాతకాలపు రాతి కమానుల వంతెన ఉన్నది. మన సోన్ దగ్గర గోదావరికి ఒక గట్టున నిర్మల్ జిల్లా, రెండో గట్టున నిజామాబాదు జిల్లా, నడుమ వంతెన ఉన్నట్టే అనుకోండి. ఈ హోల్ట్ వంతెనను రిచర్డ్ విల్సన్ అనే చిత్రకారుడు 1762కు ముందు నూనెరంగులతో చిత్రించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండనులోని నేషనల్ గ్యాలరీలో ఉన్నది. చాలా పెద్ద బొమ్మ. దాదాపు అయిదడుగుల ఎత్తు, ఆరడుగులకు పైగా వెడల్పు.

ఆ బొమ్మలో ఏమీ జరగదు. యుద్ధం లేదు, రాజు లేడు, దేవత లేదు. ముందు గట్టు మీద కొందరు మనుషులు తీరిగ్గా కూర్చున్నారు. చెట్లున్నాయి. కింద నది మెల్లిగా పోతున్నది. దూరాన వంతెన. అంతే. “ఇదేం బొమ్మ?” అని ఆ రోజుల్లో కూడా చాలామంది అన్నారు. డబ్బున్నవారు తమ ముఖాలు వేయించుకునేందుకు డబ్బిచ్చేవారు గాని, నది ముఖం ఎవరిక్కావాలి? విల్సన్ మొదట మనుషుల బొమ్మలు వేసి బాగానే బతికాడు. 1750లో ఇటలీ వెళ్ళి, అక్కడి కొండలూ ఎండా చూసి మనసు మార్చుకున్నాడు. ఏడేళ్ళ తరవాత తిరిగి వచ్చి ప్రకృతి దృశ్యాలే వెయ్యసాగాడు. 1768లో లండనులో రాయల్ అకాడమీ అనే చిత్రకారుల సంస్థ ఏర్పడినప్పుడు దానిని స్థాపించినవారిలో అతనూ ఒకడు. అయినా చివరి రోజుల్లో అతని బొమ్మలు కొనేవారు లేక, 1776లో అదే సంస్థలో పుస్తక భాండాగారి ఉద్యోగం చేసుకోవలసి వచ్చింది. 1782లో చనిపోయాడు. అతని బొమ్మలకు మళ్ళీ గిరాకీ వచ్చింది ఆ తరవాతనే!

సరే, ఇంతకూ అతను నదికి ఏ రంగు వేశాడు? నదికంటూ వేరే రంగు వెయ్యలేదు. అదే కిటుకు. ఆకాశపు రంగే కాస్త మందంగా చేసి నదికి వేశాడు. గట్టు దగ్గర గట్టు రంగూ, చెట్ల కింద చెట్ల రంగూ వేశాడు. నీరు అద్దమని అతనికి తెలుసు.

కాని నీరు మామూలు అద్దం కాదు, కొంచెం మాయలమారి అద్దం. ఈసారి నది గట్టుకో చెరువు గట్టుకో పోయినప్పుడు పరీక్షించి చూడండి. (పెద్దవాళ్ళను వెంట తీసుకుపోండి, వరద రోజుల్లో మాత్రం వద్దు.) మీ కాళ్ళ దగ్గర నీటిలోకి సూటిగా చూస్తే అడుగున గులకరాళ్ళు కనిపిస్తాయి. చూపు మెల్లిగా దూరం జరపండి. రాళ్ళు మాయమై ఆకాశం కనిపిస్తుంది. ఎందుకని? చదునైన పెంకును నిలువుగా నీళ్ళలో వదిలితే బుడుంగున మునుగుతుంది. ఏటవాలుగా విసిరితే నీటి మీద గెంతుతూ పోతుంది. వెలుగు సంగతి కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. (పెంకు గెంతటానికి కారణం వేరు, వెలుగు మళ్ళటానికి కారణం వేరు. పోలిక గుర్తుంచుకునేందుకు మాత్రమే!) నిటారుగా పడ్డ వెలుగులో చాలాభాగం నీటిలోకి దిగిపోతుంది. బాగా ఏటవాలుగా పడ్డ వెలుగులో చాలాభాగం మళ్ళీ పైకి తిరిగి వస్తుంది. అందుకని నది బొమ్మలో దగ్గరి నీరు ముదురుగానూ, దూరపు నీరు ఆకాశంలా లేతగానూ ఉండాలి. మీ బొమ్మల్లో నది మొత్తం ఒకటే నీలం అయితే అది నది కాదు, ఆరేసిన చీర!

ఇంకొకటి. వంతెన నీడ నీటిలో పడుతుంది కదా? వంతెన బొమ్మను తలకిందులు చేసి కింద అతికిస్తే నీడ వచ్చేస్తుందని అనుకుంటాం. అలా రాదు. నీటిలో కమాను అడుగుభాగం కనిపిస్తుంది. గట్టు మీది మన కంటికి అంతగా కనిపించని భాగం అది. నీరు కింద నుంచి పైకి చూస్తున్నది కాబట్టి దానికి కనిపించినదే మనకు చూపుతుంది. కొంత వెలుగు నీటిలోకి పోయింది గనక నీడ అసలు వస్తువు కంటె కాస్త మసకగా కూడా ఉంటుంది.

దూరపు కొండలకు మాత్రం విల్సన్ నీలం వేశాడు. ఇదీ సరి అయినదే. మీరు నిర్మల్ నుంచి ఆదిలాబాదు పోయే దారిలో మహబూబ్ ఘాట్ ఎక్కుతూ వెనక్కు చూడండి. దగ్గరి గుట్ట పచ్చన, దాని వెనకది బూడిద వన్నె, ఆ వెనకది నీలం. గుట్టలన్నిటి మీదా చెట్లు ఒక్క రకమే, కాని మనకూ వాటికీ మధ్య ఉన్న గాలి వేరు వేరు మందాలలో ఉన్నది. గాలిలోని అణువులు ఎండలోని నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. గాలి ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. ఈ కారణం శాస్త్రజ్ఞుడు రేలీ 1871లో చెప్పగలిగాడు. చిత్రకారులు కారణం తెలియకుండానే అంతకు ఎన్నో ఏళ్ళ ముందునుంచే కొండలకు నీలం వేస్తున్నారు. కంటికి బుద్ధి కంటె ముందు నడిచే అలవాటు ఉన్నది.

విల్సన్ దగ్గర విలియం హాడ్జెస్ అని ఒక కుర్రవాడు శిష్యరికం చేశాడు. కమ్మరి కొడుకు. ఇతని కథ ఇంకా వింత అయినది. 1772లో కెప్టెన్ కుక్ పసిఫిక్ మహాసముద్రపు యాత్రకు బయలుదేరుతూ ఇతన్ని చిత్రకారుడుగా వెంట తీసుకుపోయాడు. ఫోటోలు లేని కాలం కదా, చూసినదంతా బొమ్మలుగా వేసుకు రావాలి! మూడేళ్ళు మంచుకొండలూ, తాహితీ దీవులూ చిత్రించి, 1775లో తిరిగి వచ్చాడు. 1780లో మద్రాసులో దిగాడు. అంటే మన తెలుగునాటి గడప దాకా వచ్చాడన్న మాట. కాని సరిగ్గా అప్పుడే హైదరాలీతో ఇంగ్లీషువారికి యుద్ధం వచ్చింది. పల్లెలవైపు పోవటానికి వీలు లేక, ఏడాది పాటు దాదాపు ఆ పట్నంలోనే చిక్కుపడిపోయాడు. ఆ తరవాత కలకత్తా పోయి, గంగానది వెంట పడవలో ప్రయాణం చేస్తూ ఘట్టాలూ, గుళ్ళూ, పెద్ద పెద్ద మర్రిచెట్లూ వేశాడు. ప్రకృతి దృశ్యాలను చిత్రించటమే వృత్తిగా ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చినవారిలో ఇతనే మొదటివాడు.

అతను గోదావరి దాకా వచ్చి ఉంటేనా, అనిపిస్తుంది నాకు!

హాడ్జెస్ లండను తిరిగి వెళ్ళాక, ఒకే చోటును రెండు బొమ్మలుగా వేశాడు. మొదటిదాని పేరు ‘శాంతి ఫలితాలు’. ఓడరేవు, సరుకులు, పనిపాటలు చేసుకునే జనం. రెండోదాని పేరు ‘యుద్ధ ఫలితాలు’. అదే చోటు, తగలబడుతూ, పాడుపడి. అప్పుడు ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ యుద్ధం జరుగుతున్నది. 1795లో రాజుగారి కొడుకు, సైన్యాధిపతి అయిన యార్కు ప్రభువు ఆ ప్రదర్శన చూడటానికి వచ్చి, ఇటువంటి బొమ్మలు జనం చూడటం మంచిది కాదని దాన్ని మూయించాడు. హాడ్జెస్ కుంచె కింద పెట్టేశాడు. ఒక ఊళ్ళో బ్యాంకు వ్యాపారం మొదలుపెట్టి నష్టపోయి, 1797లో చనిపోయాడు. ఆ రెండు బొమ్మలూ ఇప్పుడు దొరకటం లేదు. ప్రశాంతంగా ఉన్న ఒక ఒడ్డు బొమ్మకు ఒక సైన్యాధిపతి అంత జంకవలసి వచ్చిందంటే, “అందులో ఏమీ జరగదు” అనుకున్న బొమ్మల్లో ఏదో జరుగుతూనే ఉండాలి.

ఇక మన నిర్మల్ కు వద్దాం.

నిమ్మనాయుడు అనే పాలకుడి పేరు మీద ఈ ఊరికి ఆ పేరు వచ్చిందనీ, కళాకారులను చేరదీసింది ఆయనేననీ చెబుతారు. ఊరి చుట్టూ శ్యాంగఢ్, బత్తీస్‌గఢ్ వంటి కోటలున్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో నిజాము కొలువులో ఉన్న ఫ్రెంచివారి చేతిపని వీటిలో ఉన్నదంటారు. 2016 దాకా ఈ ఊరు ఆదిలాబాదు జిల్లాలోది, ఆ తరవాత వేరే జిల్లా అయింది. ఇక్కడి చిత్రకారులను నకాషీలంటారు. ‘నక్ష్’ అంటే అరబ్బీ మాటలో బొమ్మ, గీత. బడిలో ఊరి నక్షా అంటారే, అదీ ఇందులోనుంచి వచ్చినదే!

ఈ నకాషీలు పెద్ద పెద్ద గుడ్డల మీద నదులు వెయ్యలేదు. గంజీఫా అనే ఆటకు ముక్కలు చేసేవారు. పేకముక్కల లాంటివే గాని గుండ్రంగా ఉంటాయి. మొగలాయి ఆటకు తొంభై ఆరు ముక్కలు, దశావతారాల ఆటకు నూట ఇరవై. పసిపిల్ల అరచేతిలో ఇమిడే చక్రంలో మత్స్యావతారాన్నో, కూర్మావతారాన్నో చిత్రించాలంటే చెయ్యి ఎంత నిలకడగా ఉండాలో ఊహించుకోండి. విల్సన్ గారి ఆరడుగుల నది అక్కడ వేలిగోరంత చోటులో పారాలి.

వీరి గురించి ఒక కథ చెప్పుకుంటారు. 1750 ప్రాంతాల నిజాము నిర్మల్ వచ్చినప్పుడు, ఆయన ఆసనానికి సరిగ్గా పైన ఒక అరటిపువ్వును వేలాడదీశారట. అది నకాషీలు చేసిన పువ్వు. ఆయన కూర్చోగానే ఎవరో దారం లాగారు. రెప్పలు విచ్చుకుని, బంగారు రేకులు జలజలా ఆయన మీద రాలాయి. నిజాము ముచ్చటపడి ఆ కళాకారులను ఆదరించాడు. ఇది చరిత్ర పుస్తకపు లెక్క కాదు, నోటి మాట. కాని బంగారు వన్నెను ఆడించటంలో నిర్మల్ వారి పేరు ఎంత దూరం పోయిందో ఈ కథే చెబుతుంది. చెట్ల పసరులతో, ఖనిజాలతో రంగులు కలిపి, బంగారం లేకుండానే బంగారు మెరుగు తెచ్చేవారట.

పోను పోను కొనేవారు తగ్గారు. గత శతాబ్దం మొదటి సగంలో హైదరాబాదు సంస్థాన ప్రధాని సర్ అక్బర్ హైదరీ భార్య, లేడీ హైదరీ, ఈ పని చూసి కొందరు కళాకారులను హైదరాబాదుకు రప్పించింది. ఇవాళ మనం ‘నిర్మల్ చిత్రం’ అని గోడకు తగిలించుకునే బల్లచిత్రాల తీరు ఆ ఆదరణతోనే బాగా ఎదిగింది. నిర్మల్ లో ఉండిపోయిన కుటుంబాల కోసం 1955లో సహకార సంఘం ఏర్పడింది.

ఆ బల్లచిత్రం చూడండి. నేల నల్లన, కాటుకలాగా. దాని మీద బంగారు వన్నె గీతలు. రాముడూ కృష్ణుడూ, అజంతా స్త్రీలూ, లేళ్ళూ, నెమళ్ళూ ఉంటాయి. నదీ, పడవా, తాటిచెట్లూ, గుడిసెలూ కూడా ఉంటాయి. ఇప్పుడు నది ఏ రంగు? నలుపు! కొంచెం ఆశ్చర్యంగా లేదూ? నది ఉన్నచోట చిత్రకారుడు దాదాపు ఏమీ వెయ్యలేదు. పడవ కింద రెండు గీతలు, ఒడ్డు పక్కన నాలుగు గీతలు, అంతే. మిగిలిన నల్లటి జాగా అంతా మీ కంటికి నీరై పోతుంది. విల్సన్ గుడ్డ మీద నీడలు పరిచి నదిని తెచ్చాడు. నిర్మల్ చిత్రకారుడు చీకటి మీద వెలుగు చుక్కలు పెట్టి అదే నదిని తెస్తాడు. విల్సన్ బొమ్మలో నది నిద్రలేచి ఉంటుంది. నిర్మల్ బల్ల మీది నది నిద్రపోతూ ఉంటుంది. నా మటుకు నాకు రెండోదే ఎక్కువ ప్రశాంతంగా ఉంటుంది. మీరు ఒప్పుకోనక్కరలేదు.

ఈ నునుపు ఊరికే రాదు. బల్లను చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, లప్పం పూసి, ఆరనిచ్చి, మళ్ళీ రుద్దాలి. వేలు పెడితే జారిపోయేదాకా ఇదే పని. ఆ తరవాతనే నల్లరంగు, ఆ తరవాతనే బొమ్మ. ఇప్పుడు చాలామంది డ్యూకో రంగులు వాడుతున్నారు. వెనకటి పసరు రంగులు చెయ్యటానికి రోజులు పడుతుంది, కొనేవారు అంతవరకు ఆగరు.

నిర్మల్ కొయ్యబొమ్మల సంగతి మీకు తెలిసే ఉంటుంది. సీతాఫలం, మామిడిపండు, పిట్ట, పులి. పండు కొరకబోయి పళ్ళు నొప్పి పుట్టించుకున్న చుట్టాల కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. వాటిని పొణికి చెక్కతో చేస్తారు. ఆరిన పొణికి చాలా తేలిక, చాకుకు వెన్నలా లొంగుతుంది. ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన జిగురులో రంపపు పొట్టు కలిపి ఆ ముద్దతో అతికిస్తారు, అతుకులు పూడుస్తారు.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఒకప్పుడు ఊరి చుట్టూ అడవిలో కావలసినంత పొణికి దొరికేది. ఇప్పుడు దాని కోసం దూరం పోవాలి, అయినా సరిపడా దొరకదు. పొణికి గింజ పెంకు మహా గట్టిది. నేలలో పాతినంత మాత్రాన మొలవదు. చెట్టు ఎదగటానికి ఏళ్ళు పడుతుంది. కొట్టటం తేలిక, పెంచటం కష్టం. చెక్క దొరికినా, రోజంతా కూర్చుని చేసిన బొమ్మకు వచ్చే డబ్బు చూసి, నకాషీల ఇళ్ళలోని పిల్లలు వేరే పనుల వైపు చూస్తున్నారు. వాళ్ళను తప్పు పట్టటానికి లేదు. విల్సన్ కూడా ఆకలికి ఓర్చుకోలేకనే పుస్తకాల బీరువాల దగ్గర కూర్చున్నాడు. నిర్మల్ పనికి ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. అంటే వేరే చోట చేసిన బొమ్మను నిర్మల్ బొమ్మ అని పేరు పెట్టి అమ్మగూడదు. మంచిదే. కాని గుర్తింపు కాగితంలోనుంచి పొణికి మొక్క మొలవదు గదా! అడవిలో పొణికి మొక్కలు పెట్టించాలని కళాకారులు అడుగుతూనే ఉన్నారు.

గోదావరి కూడా వెనకటిది కాదు. 1963లో పోచంపాడు దగ్గర ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. శ్రీరాంసాగర్ నిండినప్పుడు బాసర వైపు కనుచూపు మేర నిలిచి ఉండే ఆ నీటిని పద్దెనిమిదో శతాబ్దపు నకాషీ ఏనాడూ చూడలేదు. అతను చూసినది వానాకాలం ఉరికే నదినీ, ఎండాకాలం ఇసుకలో బండల నడుమ పాయలుగా పాకే నదినీ. ఇవాళ ఆ నది బొమ్మ వెయ్యవలసినవాడు ఈ నిలిచిన నీళ్ళను కూడా వెయ్యాలి.

మీరు కూడా వెయ్యవచ్చు. రంగుల పెట్టె అక్కరలేదు. ఇంట్లో పాత రాతిపలక ఉంటే వెతికి తీయండి. (మీ నాన్నగారినో, తాతగారినో అడిగితే దొరకవచ్చు. లేకపోతే నల్ల అట్ట అయినా సరే.) తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి ఆరనివ్వండి. తెల్ల సుద్దముక్క మొన బాగా అరగదీయండి. ఇప్పుడు నదిని మాత్రం వెయ్యకండి. దూరపు గట్టు ఒక సన్నని గీత. దాని మీద రెండు తాటిచెట్లు. పలక నడుమ ఒక పడవ. చెట్ల కింద, పడవ కింద నీటిలో పడే వెలుగుకు అడ్డంగా చిన్న చిన్న గీతలు, దూరాన దగ్గర దగ్గరగా, ముందుకు వచ్చేకొద్దీ ఎడంఎడంగా. అక్కడితో సుద్ద కింద పెట్టెయ్యండి. పలకను గోడకు ఆనించి, పది అడుగులు వెనక్కు పోయి, అది నదిలాగా ఉన్నదో లేదో మీ తమ్ముడినో చెల్లెలినో అడగండి. నది ఏదీ అని వాళ్ళడిగితే, రెండు గీతలు చెరిపి మళ్ళీ చూపించండి. చాలాసార్లు గీతలు ఎక్కువైనందువల్లనే నీరు కనిపించకుండా పోతుంది.